పదకొండో లక్షణం

నా భార్య మీద ప్రభుత్వం కేసు పెట్టింది. ఫిర్యాదుదారుణ్ణి నేనే. ఈ సంగతి మా ఇద్దరికీ ఒకే రోజు, ఒకే పోస్టుమాన్ చేతి మీదుగా, ఒకే రంగు కవర్లలో తెలిసింది.

"మీరు నా మీద కేసెట్టారంటండి," అంది మాణిక్యాంబ కవరు చించి చదువుకుంటూ. కోపంగా అనలేదు. కందిపప్పు అయిపోయిందని చెప్పే గొంతుతోనే అంది.

"నేనెక్కడ పెట్టాను?"

"ఇక్కడ రాసుంది గదండి. బాధితుడు చింతలూరి సూర్యభాస్కరం, రచయిత. ప్రతివాది చింతలూరి మాణిక్యాంబ, ప్రచురణకర్త. పుస్తకం అచ్చేయిస్తానని ఆశపెట్టి మీ చేత ఖర్చు పెట్టించానంట. నేను ప్రచురణకర్తనేంటండి?"

పోస్టుమాన్ వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. మా మండపేటలో మొగుడూ పెళ్లాల తగాదాకి ఉన్న గిరాకీ ఇంకే వినోదానికీ లేదు.

దీని వెనుక కథ చెప్పాలి. నేను ముప్పై నాలుగేళ్లుగా రిజిస్ట్రారాఫీసు ముందు రేకుల షెడ్డులో బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తున్నాను. ఫలానావారి కొబ్బరితోట ఫలానావారికి, తూర్పున కాలువ, పడమర పుంత, దక్షిణాన ఇంకొకరి చేను, ఉత్తరాన తగాదా. ఇలా అందరి ఆస్తులకీ హద్దులు రాసి రాసి, ఒకరోజు నాకే ఒక నవల రాయాలని బుద్ధి పుట్టింది. పదకొండేళ్లు పట్టింది. పేరు 'సర్వే నెంబరు 118/2'. నాలుగు వందల పన్నెండు పేజీలు. ప్రేమకథ.

మన దగ్గర పుస్తకం ఎలా అచ్చవుతుందో తెలియనివాళ్లెవరైనా ఉంటే వాళ్ల కోసం చెబుతున్నాను. రచయితే రాసుకుంటాడు, రచయితే ఖర్చు పెట్టుకుంటాడు, రచయితే సంచీలో వేసుకుని ఊరూరా తిరిగి సంతకం చేసి మరీ ఉచితంగా పంచుతాడు. ఇంత చేసినవాడు 'ప్రచురణ' అన్నచోట కూడా తన పేరే వేసుకుంటే, విందులో తన విస్తట్లో తనే కొసరి కొసరి వడ్డించుకున్నట్టు ఉంటుంది. అందుకని అక్కడ భార్య పేరు వేస్తాడు. నా బీరువాలో మిత్రులిచ్చిన పుస్తకాలు అరవై ఉన్నాయి. వాటిలో యాభై ఒకటి భార్యల పేరు మీద, ఆరు కొడుకుల పేరు మీద, రెండు అత్తగార్ల పేరు మీద వెలువడ్డాయి. ఒకటి కుక్క పేరు మీద ఉంది. ఆయన బ్రహ్మచారి. ఈ అరవైమంది ప్రచురణకర్తల్లో ఒక్కరు కూడా పుస్తకం చదివినట్టు దాఖలా లేదు. కుక్క సంగతి నేను కచ్చితంగా చెప్పలేను.

ఈ ఆచారం తరాలుగా హాయిగా సాగిపోతుండగా, ఎక్కడో ఒక కవిగారికి ఫోన్ వచ్చింది. మీ కవిత్వం చదివి మా విదేశీ సంపాదకులు కన్నీళ్లు పెట్టుకున్నారు, ప్రపంచంలోని అన్ని దేశాల్లోనూ మీ పుస్తకం ఆవిష్కరిస్తాం, ముందు కొంత పంపండి అన్నారు. ఆయన పంపాడు. ఇంకొంత అన్నారు. ఇంకొంత పంపాడు. చివరికి రెండు ప్రతులు వచ్చాయి. రెండో ప్రతిలో కవిత్వం వేరే ఎవరిదో ఉంది. ఆయన ఏడుస్తూ పేపరుకెక్కాడు, ప్రభుత్వం ఉలిక్కిపడింది.

అలాంటి కొత్త రచయితలకి కావలసింది నాలుగు ముక్కలు. అచ్చేస్తామని డబ్బడిగేవాడికి ఇవ్వకండి. చదవకుండా పొగిడేవాణ్ణి నమ్మకండి. ఒప్పందం మొత్తం చదివి సంతకం పెట్టండి. ఆ ప్రచురణకర్త ఇదివరకు పుస్తకం వేసినవాళ్లతో ఒకసారి మాట్లాడండి. కాని నాలుగు ముక్కలకి ఆఫీసు రాదు, జీపు రాదు, అధ్యక్షుల వారికి గది రాదు. అందుచేత 'నవరచయితల మోస నివారణ మండలి' ఏర్పడింది. మోసగాణ్ణి గుర్తుపట్టడానికి పదకొండు లక్షణాలతో ఒక పుస్తకం వేసింది. మండలి ఇచ్చే 'మోసరహిత ధ్రువపత్రం' లేకుండా రాష్ట్రంలో ఏ ప్రెస్సూ పుస్తకం అచ్చు వేయకూడదని ఉత్తర్వు జారీ చేసింది.

అప్పటికి నా నవల మిషనెక్కబోతోంది. ప్రెస్సు పుల్లేశ్వరరావు చేతులు జోడించాడు.

"గురువుగారూ, మీ పుస్తకానికి ప్లేట్లు కూడా చేయించేశానండి. ఆ కాయితం లేకుండా తిప్పితే మాత్రం నా షట్టరు దించేస్తారండి. ఒక్క కాయితం తెచ్చి పడేయండి, సాయంత్రానికల్లా ముద్దాడుకుందురు గాని."

కాగితమే కదా, కాగితాలు రాసి బతికేవాణ్ణి, నాకేం భయం అనుకుని దరఖాస్తు నింపాను. దస్తావేజులో అబద్ధం రాయకూడదన్నది నా వృత్తి నియమం. ఖర్చు ఎవరిది? రచయితది. ప్రచురణకర్త ఎవరు? చింతలూరి మాణిక్యాంబ, గృహిణి. ప్రచురణకర్త రచనను చదివారా? ఇక్కడ కలం కాసేపు ఆగింది. పదకొండేళ్లలో మాణిక్యం నా నవల ఒక్క పేజీ చదవలేదు. మొదటి మూడేళ్లూ అడిగాను. "పనుంది గదండి" అనేది. తరువాత అడగడం మానేశాను. ఆ గడిలో 'లేదు' అని రాశాను.

ఆ దరఖాస్తుని మండలి వారి కంప్యూటరు తనంతట తానే ఫిర్యాదుగా మార్చేసింది.

విచారణకి ఇద్దరం ఒకే బస్సులో, ఒకే సీటులో జిల్లా కేంద్రానికి వెళ్లాం. పరిరక్షణాధికారి తలుపుల గోవర్ధనరావు గారు మమ్మల్ని వెంటనే విడదీశారు. నాకు మెత్త ఉన్న కుర్చీ, గ్లాసుడు మంచినీళ్లు. మాణిక్యానికి బల్ల.

"బాధితుడు ఏడవదలచినచో మధ్యలో ఏడవవచ్చును," అన్నారాయన నావైపు దయగా చూసి. "అందునిమిత్తం పది నిమిషములు కేటాయించబడినవి."

"నాకు ఏడుపు రావడం లేదండి."

"షాక్‌లో ఉన్నారు," అని గుమాస్తాకి చెప్పి రాయించారు. తరువాత మాణిక్యం వైపు తిరిగారు. "ప్రతివాది. లక్షణము ఒకటి. రచయిత నుండి సొమ్ము గైకొనుచుంటిరా?"

"ఆయ్. పెళ్లయిన దగ్గర్నుంచీ అండి."

"లక్షణము రెండు. ఆ సొమ్మునకు రశీదు ఇచ్చుచుంటిరా?"

"ఏ ఆడదిస్తుందండి?"

"ఎదురు ప్రశ్నలు కూడవు. లక్షణము మూడు. మీ కార్యాలయము ఎచ్చట?"

"వంటింట్లోనండి."

"నివాసమునందే కార్యాలయము," అని పెదవి విరిచారు. "నాలుగు. రచనను చదివితిరా?"

"లేదండి."

"చదవకయే ఎట్లు అంగీకరించితిరి?"

"మా ఆయన గదండి," అంది మాణిక్యం.

"సన్నిహిత సంబంధమును వాడుకొనుట. అది ఐదవ లక్షణము, తామే ఒప్పుకొనిరి. ఆరు. నిజమైన ప్రచురణకర్త పదింట తొమ్మిది రచనలను తిరస్కరించును. అన్నింటినీ అంగీకరించువాడే వంచకుడు. ఇంతవరకు తాము ఎన్నింటిని తిరస్కరించితిరి?"

"ఒకటే గదండి వచ్చింది. అదీ మంచం కింద పెట్టెలో ఉందండి."

"నూటికి నూరు శాతము అంగీకారము!" అన్నారు గోవర్ధనరావు గారు. అంత పెద్ద మోసం ఆయన సర్వీసులో చూసి ఉండరు. గుమాస్తా కూడా రాయడం ఆపి మాణిక్యాన్ని ఎగాదిగా చూశాడు.

అలా ఒక్కొక్కటే పది లక్షణాలూ రుజువైపోయాయి. ఇక పదకొండోది. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఇది అన్నింటిలోకి ప్రమాదకరమైనది. మోసమునకు ద్వారము పొగడ్త. మండలి వారి పుస్తకములో దీనిని పెద్దక్షరములతో ముద్రించితిమి. రచనను బాగున్నదని ఎన్నడైనను పొగిడితిరా?"

"అబ్బే. ఎప్పుడూ లేదండి," అంది మాణిక్యం వెంటనే. "ఆయన్నడగండి."

అందరూ నావైపు చూశారు. నేను తల దించుకుని, లేదన్నాను. మెత్త కుర్చీ నాకు కొంచెం గుచ్చుకుంది.

ఆ ఒక్క లక్షణం లేకపోవడం వల్ల మాణిక్యం జరిమానా తప్పించుకుంది. ఆమెను మోసగత్తెగా కాక 'సంస్కరింపదగిన ప్రచురణకర్త'గా గుర్తించి, నిజమైన ప్రచురణకర్తగా మారడానికి మూడు నెలలు గడువిచ్చారు. విధిగా కార్యాలయం తెరవాలి. వచ్చిన ప్రతి రచననీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాలి. తిరస్కరణ రిజిస్టరు పెట్టి, కనీసం తొమ్మిది తిరస్కరించాకే పదోది అంగీకరించాలి.

"ఈ మూడు నెలలు బాధితుని, ప్రతివాది ప్రలోభముల నుండి కాపాడవలసి ఉన్నది," అన్నారాయన. "ప్రచురణకర్త రచయితకు ఉచితముగా భోజనము, కాఫీ, తదితరములు ఇచ్చుట ప్రలోభము. ఇరువురి మధ్య సమస్త సంభాషణము రాతపూర్వకముగా జరగవలెను."

దీన్ని అమలు చేయడానికి దాలినాయుడు అనే మండలి ఉద్యోగిని మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టారు. శ్రీకాకుళం వైపు మనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డాడు, రూలంటే ప్రాణం. నాకు వీధిగది ఇచ్చారు. లోపలి తలుపుకి సీలు వేశారు. ముప్పై ఒక్కేళ్ల కాపురం తరువాత నేను హోటల్లో ఇడ్లీకి వరస కట్టాను.

మూడో రోజు ఇంట్లో ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేసింది మాణిక్యం. ఆ వాసనకి నేను సీలు వేసిన తలుపు దగ్గర నిలబడిపోయాను.

"అదెలాగ కుదుర్తాది బావూ," అన్నాడు దాలినాయుడు. "రూలొప్పదు. ముందు ఆ ప్రలోభం ఏపాటిదో నాను పరీచ్చించాల." పెరటి దారిన లోపలికెళ్లి రెండుసార్లు వడ్డించుకుని పరీక్షించాడు. బయటికొచ్చి మీసం తుడుచుకుంటూ, "గట్టి ప్రలోభమే," అని డైరీలో రాసుకున్నాడు. ఆనాటి నుంచి రోజూ పరీక్షించాడు.

ఇక మాణిక్యం ప్రచురణ కార్యాలయం. అరుగుకి రెండో వైపు కుర్చీ, బల్ల, రిజిస్టరు. తొమ్మిది రచనలు ఎక్కణ్ణుంచి వస్తాయా అని నేను బెంగపడ్డాను. మండలే ఆ బెంగ తీర్చింది. అసలు తిరస్కారమంటే ఏమిటో ఎరగని రచయితలే పొగడ్తకి పడిపోతున్నారని మండలి కనిపెట్టింది. అందుచేత ధ్రువపత్రం కావాలంటే ప్రతి రచయితా ఒక నిజమైన ప్రచురణకర్త ఇచ్చిన తిరస్కరణ పత్రాన్ని జతపరచాలని కొత్త సర్క్యులర్ వచ్చింది. రాష్ట్రమంతా గాలించారు. ఎవరి పుస్తకం వాళ్ల ఇంట్లోనే వెలువడుతున్న చోట తిరస్కరించేవాళ్లెవరు? మండలి రిజిస్టరులో తిరస్కరించే అధికారం, బాధ్యత ఉన్న ప్రచురణకర్త ఒక్కరే తేలారు. చింతలూరి మాణిక్యాంబ, మండపేట.

వారం తిరిగేసరికి మా వీధిలో కార్లు తిరగడానికి చోటు లేదు. కవులు, నవలాకారులు, ఆత్మకథల వాళ్లు, భగవద్గీతని ఆటవెలదుల్లోకి దించినవాళ్లు, అందరూ తిరస్కారం కోసం టోకెన్లు పట్టుకుని నిలబడ్డారు. మాణిక్యం అన్నీ చదివింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే చదివింది, కూరలు తరుగుతూ చదివింది. చదవకుండా తిరస్కరిస్తే అది కూడా మోసమే కదండి అంది దాలినాయుడితో.

ఆమె తిరస్కరణలు రెండు ముక్కల్లో ఉండేవి. ఒక నవలాకారుడికి ఇలా రాసింది. "మూడో పేజీలో పోయిన మేనత్త పదిహేడో పేజీలో కాఫీ పెట్టింది. ఆవిణ్ణి ఎవరు లేపారు?" ఒక కవికి: "వెన్నెల నలభై ఒక్కసార్లు కాసింది. ఒక్క అమావాస్యన్నా రానివ్వండి." ఆత్మకథ రాసిన విశ్రాంత ఇంజనీరు గారికి: "మీరు చేసిన తప్పు ఒక్కటీ కనపడలేదు. పెద్దవారు, అబద్ధం రాస్తారని అనుకోను. సగం రాయడం మరిచిపోయినట్టున్నారు."

తిట్టుకుంటారనుకున్నాను. వాళ్లు ఆ పత్రాలకి ఫ్రేములు కట్టించారు. ఎందుకంటే జీవితంలో మొదటిసారి వాళ్ల రచన ఎవరో మొత్తం చదివారు. ఆవిష్కరణ సభలు పోయి తిరస్కరణ సభలు వచ్చాయి. ముఖ్య అతిథి శాలువా కప్పి, "మన రచయిత తిరస్కారం ఎంత సూటిగా ఉందో చూడండి, 'మేనత్త' అన్న చోట నా ఒళ్లు గగుర్పొడిచింది" అని గంటన్నర మాట్లాడేవాడు. చివర్లో పుస్తకం ప్రతులకి బదులు తిరస్కరణ జిరాక్సులు పంచేవాళ్లు.

నేను వీధిగదిలో కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. ఊళ్లోవాళ్లందరి రాతలూ చదువుతోంది. కట్టుకున్నవాడిది తప్ప! నిజం చెబుతున్నాను, ఆ రోజుల్లో నాకు ప్రతి కవి మీదా అసూయే. నాది పదో నెంబరు టోకెను. పదోది అంగీకరించవచ్చని నిబంధన. నేనే లెక్క చూసి, ఆ నెంబరు పట్టుకుని మరీ ఇచ్చాను. మాణిక్యం దాన్ని అందరి తరువాత, తీరిగ్గా చదువుతానని పక్కన పెట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే, నా కట్ట ఆమె ఒళ్లో ఉంది. పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. ఒకచోట నవ్వింది. ఏ పేజీయో చూద్దామని నేను కిటికీ చువ్వలకి మొహం ఆనించాను. ఆ నవల్లో హాస్యమెక్కడా నేను రాయలేదు. నాలుగు రోజులు చదివింది. ఐదో రోజు రిజిస్టరు పోస్టులో జవాబొచ్చింది. పోస్టుమాన్ మా ఇంటి దగ్గర తీసుకుని, పోస్టాఫీసుకి తీసుకెళ్లి, ముద్ర వేయించి, మా ఇంటికే తెచ్చాడు.

"రచయిత గారికి. మీ నవల మొత్తం చదివాను. నాయిక ఇంటికి నాలుగు హద్దులూ మూడు పేజీల్లో రాశారు. తూర్పున కాలువ ఉందని తెలిసింది. లోపల ఆ పిల్ల ఏం చేస్తోందో తెలియలేదు. రిజిస్ట్రారాఫీసులో సాక్షి సంతకానికి తండ్రితో వచ్చినప్పుడు, దస్తావేజు రాసే కుర్రాణ్ణి చూసి ఆ పిల్ల సిగ్గుతో తల దించుకుందని రాశారు. సిగ్గు కాదు. ఆ కుర్రాడి ముక్కు మీద ఇంత సిరా మరక ఉంది. నవ్వాపుకోవడానికి తల దించుకుంది. నాకు తెలుసు. తిరస్కరించడమైనది. ఇట్లు, ప్రచురణకర్త."

నేను మంచం మీద కూలబడ్డాను. ఆ పిల్ల సిగ్గుపడిందన్న నమ్మకం మీదే నేను ముప్పై ఒక్కేళ్లుగా కాపురం చేస్తున్నాను.

కోపంతో అరుగు మీదికి వెళ్లాను. "ఇదేంటి మాణిక్యం, నువ్వు సిగ్గుపడలేదా?"

"ఆఫీసు టైము అయిపోయిందండి," అంది రిజిస్టరు మూస్తూ.

"రాసివ్వండి బావూ," అన్నాడు దాలినాయుడు. "నోటి మాట ఒప్పుకోం."

అంచేత రాసే అడిగాను. మరి ఆ రోజు ఇంకా ఏం జరిగింది? జవాబొచ్చింది. గొడుగు మరిచిపోయినట్టు నటించి, నన్ను ఇంకోసారి చూడ్డానికే నా బల్ల దగ్గరికి వెనక్కి వచ్చిందట. ముప్పై ఒక్కేళ్లలో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. మూడు వందల పేజీలు చింపేసి మళ్లీ రాసిచ్చాను. మళ్లీ తిరస్కారం. "పెళ్లిచూపుల్లో మీ నాయకుడు ఆరు పేజీలు మాట్లాడాడు. ఆ రోజు ఆయన 'మంచినీళ్లు' అని తప్ప ఇంకేమీ అనలేదు. అదొక్కటే ఉంచండి. ఆ మాటకే ఆ పిల్ల ఒప్పుకుంది." ఈసారి ఉత్తరం చదివి కోపం రాలేదు. కాసేపు గోడ వైపు తిరిగి కూర్చున్నాను, అంతే.

మూడోసారి తొంభై ఆరు పేజీలు తేలింది. ఇచ్చిన మర్నాడు మాణిక్యం సీలు వేసిన తలుపు అవతల నిలబడి, దాన్ని రెండుసార్లు తట్టింది.

"ఏవండీ. బాగుందండి."

"ఏంటీ?"

"పుస్తకమండి. బాగుంది."

నేను తలుపుకి ఇవతల ఉన్నాను కాబట్టి నా మొహం ఎవరూ చూడలేదు. దాలినాయుడు మాత్రం విన్నాడు. డైరీ తీశాడు. "ఇది రాయక తప్పదు బావూ. మీ ఇంటి కూడు తిన్నోణ్ణే, కానీ రూలు రూలే," అని నిజంగానే బాధపడుతూ తేదీ, సమయం వేసి రాశాడు.

మూడు నెలల గడువు తీరింది, చివరి విచారణకి వెళ్లాం. గోవర్ధనరావు గారు ఈసారి మాణిక్యానికే మెత్త కుర్చీ వేయించారు. రాష్ట్రంలోకెల్లా నమ్మకమైన ప్రచురణకర్త ఆమె. మూడు వందల నలభై రచనలు చదివింది, అన్నింటినీ తిరస్కరించింది, ఒక్క పుస్తకమూ వేయలేదు. మండలి వారి ఆదర్శం అదే. పది లక్షణాలూ చకచకా కొట్టేశారు. ధ్రువపత్రం సంతకాలతో సిద్ధంగా బల్ల మీద ఉంది. నేను చదవగలిగేంత దగ్గరగా ఉంది.

"ఇక లాంఛనప్రాయముగా పదకొండవది. రచనను బాగున్నదని పొగిడితిరా?"

నేను మాణిక్యం వైపు చూసి లేదనమని కళ్లతో సైగ చేశాను. తల అడ్డంగా ఊపాను. దగ్గాను కూడా.

"ఆయ్," అంది. "బాగుందన్నానండి."

"ఒత్తిడి వలన అనిరా?" అన్నారాయన ఆశగా.

"లేదండి. బాగుంది, బాగుందన్నాను."

"అమ్మా, ఎంత పని చేసితిరి," అన్నారు గోవర్ధనరావు గారు, మొదటిసారి మనిషిలా. మరుక్షణం సర్దుకుని ఉత్తర్వు చెప్పడం మొదలుపెట్టారు. "ప్రతివాది రచనను పూర్తిగా చదివి, ఏ ఒత్తిడియు లేకయే, బాగున్నదని పలికినట్లు నిస్సందేహముగా రుజువైనది. ఇది పదకొండవ లక్షణము. కావున ప్రచురణకర్తగా ఆమె గుర్తింపు రద్దు చేయడమైనది. ధ్రువపత్రము నిరాకరించడమైనది. పొగడ్త ఎంత మేర అతిశయోక్తియో పై అధికారులు తేల్చవలసి ఉన్నందున, సదరు రచనను మొదటి పేజీ నుండి చివరి పేజీ వరకు అనుబంధము ఒకటిగా ఈ ఉత్తర్వునకు జతపరచడమైనది."

నా పుస్తకం పోయింది. పదకొండేళ్లు పోయాయి. అలా అనుకుంటూ లేవబోయినవాణ్ణి, చివరి వాక్యం దగ్గర మళ్లీ కూర్చున్నాను. ముప్పై నాలుగేళ్లు కాగితాలతో బతికినవాడికి కొన్ని మాటలు చెవికి వేరేగా వినపడతాయి.

"అయ్యా, అనుబంధం ఉత్తర్వులో భాగమేనా అండి?"

"అవిభాజ్యమైన భాగము."

"ఉత్తర్వు నకలు కావాలని ఎవరు అర్జీ పెట్టుకున్నా ఇస్తారా అండి?"

"ఇచ్చి తీరవలెను. పారదర్శకత మా మండలికి ఊపిరి. ప్రతి పేజీ మీద 'సరిచూడబడినది' అని ముద్ర వేసి, నేనే స్వయముగా సంతకము చేసి ఇత్తును."

"అచ్చుకి ధ్రువపత్రం కావాలి గదండి. నకలుకో?"

"ప్రభుత్వ రికార్డుకు ధ్రువపత్రమేమిటయ్యా!" అన్నారు విసుగ్గా.

నేను జేబులోంచి కలం తీసి, అక్కడే మొదటి అర్జీ రాశాను.

మిగతా అర్జీలు నేను రాయాల్సిన పని లేకపోయింది. మాణిక్యం తిరస్కరించిన మూడు వందల నలభై మందికీ ఒకటే పట్టుదల వచ్చింది. ఆవిడ బాగుందన్నది ఎలా ఉంటుందో చూడాలి! ఒక్కడూ మిగలకుండా నకలుకి పెట్టుకున్నారు. మండలి కొత్త జిరాక్సు మిషను తెప్పించింది. గుమాస్తా ఒక్కొక్క పేజీ పైకి చదువుతుంటే గోవర్ధనరావు గారు మూలప్రతితో సరిచూసి సంతకం చేస్తున్నారట. గొడుగు ఘట్టం వచ్చేసరికి ఇద్దరూ పని ఆపేసి టీ తాగారని దాలినాయుడు చెప్పాడు. మన సాహిత్యంలో ప్రతి పేజీ మీదా ప్రభుత్వ ముద్ర ఉన్న ప్రేమనవల నాదొక్కటే. నాకు తెలిసి మొదటి ముద్రణ మొత్తం అడిగి మరీ పట్టుకెళ్లిన పుస్తకం కూడా అదే. దానికి ముందుమాట కూడా ఉంది, మాణిక్యం పొగడ్తని 'నిస్సందేహముగా రుజువైనది' అంటూ గోవర్ధనరావు గారు చేసిన ఉత్తర్వు.

ప్రచురణకర్తగా రద్దయ్యాక మాణిక్యం వండింది ప్రలోభం కాకుండా పోయింది. సీలు తీసేశారు. ఆ ఆదివారం ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేసింది. పరీక్ష అవసరం లేకపోయినా దాలినాయుడు కూడా వచ్చాడు. ఆయన వెళ్లాక, మొదటి నకలు పక్కన పెట్టుకుని భోజనానికి కూర్చున్నాను.

"మాణిక్యం, నిజంగా బాగుందా?"

"కూరా అండీ?"

"పుస్తకం."

"గవర్నమెంటోళ్లు ముద్రేసి మరీ రాసిచ్చారు గదండి. మళ్లీ నన్నడుగుతారేంటి?"

"వాళ్లది కాదు. నువ్వు చెప్పు. ఇప్పుడు నువ్వు ప్రచురణకర్తవి కాదు కదా."

ఆమె నా విస్తట్లో ఇంకొంచెం కూర వేసింది.

"ఇంకో ఇరవై పేజీలు తీసేయొచ్చండి," అంది. "గొడుగు మాత్రం ముట్టుకోకండి."